కాశ్యప గోత్రపు సెనేటరు

నాలుగో తరగతిలో నన్ను గుమ్మడికాయని చేశారు. బడి నాటకంలో పంటల పండగ దృశ్యం ఒకటుంది. మొక్కజొన్నకి రెండు మాటలు, టర్కీ కోడికి ఒక పాట, గుమ్మడికాయకి ఏమీ లేవు. నారింజ రంగు దుప్పటి కప్పుకుని పావుగంట కదలకుండా కూర్చోవాలి. మా అమ్మ ఆ పావుగంటలో ఒక రీలు మొత్తం ఫోటోలు తీసింది. అన్నిట్లోనూ నేను అచ్చం గుమ్మడికాయలాగే ఉన్నాను. ఆ కోపం నాకు ఏడాదిపాటు తగ్గలేదు. ఇప్పుడూ పూర్తిగా తగ్గిందని చెప్పలేను.

అందుకని ఐదో తరగతిలో టీచరు టోపీలో చీటీలు వేసి తలా ఒకటి తీయమన్నప్పుడు, మళ్ళీ ఏ కూరగాయ వస్తుందోనని కళ్ళు మూసుకుని తీశాను. ఎనభైల మొదట్లో మాట ఇది. మేమున్నది మిషిగన్‌లో, డెట్రాయిట్ శివారులో. అప్పటికి వందేళ్ళ కిందట ఆ ఊళ్ళో బతికిన పెద్దమనుషుల పేర్లు ఆ చీటీల మీద ఉన్నాయి. ఎవరి చీటీలో ఎవరు వస్తే వాళ్ళలాగా వేషం వేసుకుని, వాళ్ళ సమాధి పక్కన నిలబడి, వచ్చినవాళ్ళకి వాళ్ళ జీవితం చెప్పాలి. "ఆయన" అని కాదు, "నేను" అని చెప్పాలి. పుట్టుక, పని, కుటుంబం, ఊరికి చేసిన సేవ, చావు. టీచరు అట్ట మీద ఈ ఐదూ రాసుకుని, చెప్పినదానికల్లా టిక్కు పెడుతుంది. నా పక్క పిల్లకి కమ్మరి వచ్చాడు. వెనక పిల్లాడికి పిండిమిల్లు యజమాని భార్య వచ్చి వాడు ఏడ్చాడు. నాకు లాయరు వచ్చాడు. ఉత్త లాయరు కాదు, రాష్ట్ర సెనేటరు!

ఆయన పేరు ఇక్కడ రాయను. లైబ్రరీలో జిల్లా చరిత్ర పుస్తకం ఒకటి పట్టుకుని ఆయన్ని అక్షరం అక్షరం చదివాను. న్యూయార్క్ వైపునించి కాలవ పడవ మీద రెండు చొక్కాలతో వచ్చాడు. కొన్నాళ్ళు పిల్లలకి చదువు చెప్పాడు. తరవాత ఒక ముసలి వకీలు ఆఫీసు ఊడుస్తూ, ఖాళీ దొరికినప్పుడల్లా ఆయన పుస్తకాలు చదివి తనూ వకీలైపోయాడు. మొదటి కేసు, ఒకరి పంది ఇంకొకరి బంగాళాదుంపల చేలో పడ్డ కేసు. పంది తరఫున వాదించి గెలిచాడు. ఆ పేరు మీదే ఎన్నికల్లో నిలబడి ముందు కింది సభకీ, తరవాత రెండుసార్లు సెనేట్‌కీ వెళ్ళాడు. మా ఊరికి రైలు తెస్తానని ఊరూరా తిరిగి ఉపన్యాసాలిచ్చాడు. రైలు పక్క ఊరికి వెళ్ళింది. మూడోసారి జనం ఓడించారు.

ఈ మనిషి నావాడని నాకు రోషం పుట్టుకొచ్చింది. ఆ రాత్రి భోజనాల దగ్గర అందరికీ చెప్పేశాను. చెప్పకుండా ఉండాల్సింది, ఎందుకంటే భోజనాల దగ్గర బామ్మ ఉంది.

ఆ వేసవిలో మా తాతయ్య, బామ్మ రాజమండ్రి నుంచి ఆరునెలలకని వచ్చారు. తాతయ్య ముప్ఫయ్యయిదేళ్ళు ఒక ప్లీడరుగారి దగ్గర గుమాస్తాగా చేశాడు. నల్లగౌను ఏనాడూ వెయ్యలేదు గానీ, ఆయన చెప్పేదాన్ని బట్టి చూస్తే కేసులన్నీ గెలిచింది ఆయనే, ప్లీడరుగారు మధ్యలో లేచి నిలబడేవారంతే. బామ్మ సంగతి వేరు. తాతయ్య కేసులన్నీ ఓడిపోయేది ఆవిడ దగ్గరే.

"ఏవిటీ? ఆడపిల్ల వెళ్ళి శ్మశానంలో నిలబడ్డమా? అందులోనూ పక్షాల్లోనా?" అంది బామ్మ, గరిటె గిన్నెలో వదిలేసి. ఊరినుంచి తెచ్చుకున్న పంచాంగం ప్రకారం మా బడివాళ్ళు పెట్టిన శనివారం సరిగ్గా మహాలయ పక్షాల్లో, అంటే పోయినవాళ్ళకి నీళ్ళు వదిలే రోజుల్లో పడింది.

"బామ్మా, ఇట్స్ జస్ట్ స్కూల్ ప్రాజెక్ట్. అందరూ చేస్తారు. నేను సెనేటర్ బామ్మా!"

"సెనేటరువి కావే తల్లీ, ఎవరొద్దన్నారు? బతికున్న సెనేటరువి కా."

"ఆయన డైడ్ కదా. లాస్ట్‌లో అది కూడా చెప్పాలి. ఐ డైడ్ అని."

బామ్మ రెండు చెవులూ మూసుకుంది. "పదేళ్ళ పిల్ల నోటితో 'నేను పోయాను' అంటుందిట! తథాస్తు దేవతలు తిరుగుతూ ఉంటారు. వాళ్ళకి స్కూలు ప్రాజెక్టులూ గట్రా తెలియవు."

మా అమ్మ పప్పు వైపు చూస్తూ కూర్చుంది. మా నాన్న కార్ల తలుపులకి గొళ్ళాలు డిజైన్ చేసే ఇంజనీరు, తలుపు దొరికితే బయటికి పోదామన్నట్టు ఉంది ఆయన మొహం. నేను కోట్లు తగిలించుకునే అలమారలో దూరి ఏడ్చాను. చేయనని చెబితే బడిలో నాకు మిగిలే పని గేటు దగ్గర ఆపిల్ రసం కప్పులు పంచడం. కప్పులు పంచేవాళ్ళకి కూడా మాటలు లేవు. మళ్ళీ గుమ్మడికాయే!

కాసేపటికి తాతయ్య అలమార తలుపు తీసి, వేలాడుతున్న కోట్ల మధ్య తల పెట్టాడు. "కేసు నేను తీసుకుంటున్నా. నువ్వు ముక్కు తుడుచుకో."

మర్నాడు పొద్దున్న వంటింట్లో విచారణ జరిగింది. బామ్మ బీన్స్ తరుగుతోంది. తాతయ్య ఎదురుగా నిలబడి గొంతు సవరించుకుని, పిల్లదాని చదువు అన్నాడు, మార్కులు అన్నాడు, మన కులవృత్తిలాంటి వకీలు వృత్తి అన్నాడు, ఆ సెనేటరు పంది కేసు గెలిచిన తీరు అన్నాడు. పంది దగ్గర బామ్మ నవ్వింది. నవ్వాక గెలిచినట్టే. తీర్పు మూడు షరతులతో వచ్చింది. నేను పోయాననే మాట నా నోట రాకూడదు. ఇంటికి రాగానే, గడప తొక్కకముందే, తలమీంచి నీళ్ళు పోసుకోవాలి. మూడోది, నా వెంట తనూ వచ్చి గేటు బయట నిలబడి చూస్తుంది, ఎందుకంటే మా ఇంట్లో ఎవరి మాటమీదా ఆవిడకి నమ్మకం లేదు.

మూడో షరతు వినగానే తాతయ్య మొహంలో నెత్తురు చుక్క లేదు. నన్ను గ్యారేజీలోకి తీసుకెళ్ళి కారు వెనక నిలబెట్టాడు.

"అమ్మడూ, మేం రోజూ సాయంత్రం నడవడానికి వెళ్ళే పార్కు ఉందే..."

"ఊఁ."

"అది పార్కు కాదు."

"ఐ నో తాతయ్యా. ఇట్స్ ద సెమెటరీ. బామ్మకి తెలీదా?"

"తెలిస్తే ఈపాటికి నేనూ అందులోనే ఉండేవాణ్ణి."

మా ఇంటినుంచి మూడొందల అడుగులు. పచ్చగడ్డి, మేపుల్ చెట్లు, ఉడతలు, చెయ్యి విరిగిన బెంచీ ఒకటి. గోడలు లేవు, కట్టెలు లేవు, పొగ లేదు. శ్మశానమంటే ఎలా ఉంటుందో బామ్మకి తెలుసు, ఇది మాత్రం అలా లేదు. ఇంగ్లీషు చదవడం రాదు. అక్కడక్కడా నిలబెట్టిన రాళ్ళని చూసి అవి పార్కుకి విరాళాలిచ్చిన దాతల పేర్లనుకుంది. మన గుళ్ళలో మెట్టు మెట్టుకీ ఫలానావారి జ్ఞాపకార్థం అని చెక్కి ఉండదూ, అలాగ. ఒక శిలువ చూసి అడిగితే, మిషన్ వాళ్ళు కూడా ఇచ్చారులే అన్నాడట తాతయ్య. "ఎంతమంది ధర్మాత్ములండీ ఈ ఊళ్ళో!" అని ఆవిడ ముచ్చటపడిపోయింది. మోకాళ్ళ నొప్పులకి రోజూ నడవాలని డాక్టరు చెప్పి మూడేళ్ళయింది. మూడేళ్ళలో ఆవిడ ఇష్టపడి నడిచిన చోటు అదొక్కటే. తాతయ్యకి మొదటిరోజే అసలు సంగతి తెలిసినా నోరు విప్పలేదు.

అంతటితో అయితే బాగుండేది. అక్కడ ఒక రాయి ముందు చేమంతుల కుండీ ఉండేది. బామ్మ రోజూ రెండు పూలు కోసుకొచ్చి మా ఇంట్లో వెంకటేశ్వరస్వామి పటానికి పెట్టేది. రెండు నెలలనుంచీ పెడుతోంది. ఆ రాయి ఎవరిదో తాతయ్య గ్యారేజీలో నా చెవిలో చెప్పాడు. మా సెనేటరుది.

ఇక ఇద్దరం కలిసి పథకం వేశాం. బామ్మని కారులో తిప్పి తిప్పి, అవతలి వైపు గేటు దగ్గర దింపాలి. మా నాన్నకి అబద్ధం ఆడడం రాదు గానీ డ్రైవింగ్ వచ్చు కాబట్టి ఆ పని ఆయనకి అప్పగించాం. ప్రసంగం తాతయ్య రాశాడు. పోయాననకుండా పోయినట్టు తెలియాలి. తాతయ్య ఒక పూటంతా పెన్ను చెవిమీద పెట్టుకుని తిరిగి, చివరికి కోర్టు ఇంగ్లీషులో ఒక వాక్యం పుట్టించాడు. దానర్థం: "ఆ తరవాత నేను ఏ ఎన్నికలోనూ పోటీ చేయలేదు."

"ఒక్క అక్షరం అబద్ధం లేదు. ఎంత పెద్ద జడ్జీ అయినా తప్పు పట్టలేడు," అన్నాడు. ఆయన అంత గర్వపడగా నేను మళ్ళీ చూడలేదు.

శనివారం వచ్చింది. నాకు తాతయ్య నల్లకోటు తొడిగారు, అది చీలమండల దాకా వచ్చింది. ఓట్స్ డబ్బాకి నల్ల కాగితం అంటించి టోపీ చేశారు. గడ్డానికి బామ్మ తన పాత సవరం ఇచ్చింది. దాన్ని సగానికి కత్తిరించి దారాలతో చెవులకి కట్టారు. అద్దంలో చూసుకుంటే సెనేటరులాగా లేను, జడ ముందుకి పడ్డ పిల్లలా ఉన్నాను. అయినా సంతోషంగానే ఉంది.

మూడొందల అడుగుల దూరానికి మా నాన్న ఇరవై నిమిషాలు కారు నడిపాడు. ఒకే బ్యాంకు ముందునుంచి మూడుసార్లు వెళ్ళాం.

"ఈ దేశంలో బ్యాంకులన్నీ ఒక్కలాగే కడతారేంట్రా?" అంది బామ్మ.

"అవునమ్మా," అన్నాడు మా నాన్న. ఆయన మెడ వెనక చెమట పట్టింది.

అవతలి గేటు దగ్గర బామ్మ చేతిలో నీళ్ళ సీసాతో ఇనపకంచె బయట నిలబడింది. పక్కన తాతయ్య, నేను చెప్పేది తెలుగు చేసి చెప్పడానికి. సెనేటరు రాయి కంచెకి దగ్గర్లోనే ఉంది. నా వంతు వచ్చింది. టీచరు అట్ట పట్టుకుని ముందు నిలబడింది, ఆవిడ వెనక తల్లిదండ్రులు, పిల్లలు. మొదలుపెట్టాను. పడవ అయింది, ఊడవడం అయింది. పంది దగ్గర అందరూ పగలబడి నవ్వారు, కంచె అవతల బామ్మ కూడా ఒక వాక్యం ఆలస్యంగా నవ్వింది. సవరం నోట్లోకి పోతున్నా ఊదుకుంటూ రైలు దాకా వచ్చాను.

అప్పుడు బామ్మ నా వైపు చూడడం మానేసింది. చెయ్యి విరిగిన బెంచీని చూస్తోంది. దాన్నుంచి చూపు మెల్లిగా నా కాళ్ళ దగ్గరున్న చేమంతుల కుండీ మీదికి వచ్చింది. ఆ కుండీ ఒక పక్క నిండుగా, ఒక పక్క బోడిగా ఉంది. బోడి పక్క బామ్మ కోసిన పక్క.

"ఏమండీ," అంది. "ఇది మన పార్కు."

ముప్ఫయ్యయిదేళ్ళ కోర్టు అనుభవం ఉన్న తాతయ్య వంగి బూటు లేసు కట్టుకోవడం మొదలుపెట్టాడు.

గబగబా చివరి వాక్యానికి వచ్చేశాను. ఆ తరవాత నేను ఏ ఎన్నికలోనూ పోటీ చేయలేదు. టీచరు నవ్వింది, కానీ పెన్సిలు కదపలేదు.

"బాగుంది సెనేటరుగారూ, ఆ తరవాత ఏమైంది?"

"ఏం కాలేదు," అన్నాను.

పిల్లలు నవ్వారు. "నీ జీవితం ఎలా ముగిసిందో చెప్పాలి కదమ్మా," అంది టీచరు మెత్తగా. చెప్తే బామ్మకి ఇచ్చిన మాట పోతుంది. చెప్పకపోతే సెనేటరు పోతాడు. నేను నోరు మూసుకుని, టోపీ పెట్టుకుని, అంతమంది ముందు మళ్ళీ గుమ్మడికాయలా నిలబడిపోయాను. కళ్ళలోంచి నీళ్ళు సవరంలోకి కారుతున్నాయి.

"ఏవంటోంది ఆవిడ?" అని కంచె అవతలనుంచి వినిపించింది.

"ఆయన ఎలా పోయాడో చెప్పమంటోంది," అన్నాడు తాతయ్య నేల చూపులు చూస్తూ.

"ఎలా పోయాడు?"

"శీతాకాలం సభలకని రాజధాని వెళ్ళేవాడుగా. ఓడిపోయాక కూడా అలవాటుకొద్దీ వెళ్ళాడట. అక్కడ అద్దెగదిలో న్యుమోనియా. పక్కన ఎవరూ లేరు."

"భార్య?"

"ముందే పోయింది."

"పిల్లలు?"

"లేరు."

బామ్మ మళ్ళీ ఆ కుండీ వైపు చూసింది. "మరి పూలు ఎవరు పెడుతున్నారు?"

"ఊరివాళ్ళు, దయతలిచి."

"పాపిష్టిదాన్ని, ఆ పూలు కూడా నేను కోసేశానా?" అని బామ్మ కంచె పట్టుకుని, జనమంతా ఉలిక్కిపడేలా కేకేసింది. "చెప్పవే! పోయాడని చెప్పు! రెండు నెలలు ఆయన పూలతో పూజ చేసుకున్నాం. చెప్పడానికి ఆయనకి మనం తప్ప ఇంకెవరున్నారే?"

"నేను చచ్చిపోయాను!" అని అరిచాను. తెలుగులో ఒకసారి, ఇంగ్లీషులో రెండుసార్లు. చావు కబురు అంత సంబరంగా చెప్పినవాళ్ళు ఆ జిల్లాలో ఇంకొకరు ఉండరు. జనం చప్పట్లు కొట్టారు. టీచరు ఐదో టిక్కు పెట్టింది.

బామ్మ గేటు తోసుకుని లోపలికి వచ్చేసింది. ఆడవాళ్ళు రాకూడదుగా అని తాతయ్య గొణిగితే, "రెండు నెలల్నుంచీ రోజూ తీసుకొస్తూనే ఉన్నారుగా, ఇవాళ కొత్తగా మైలపడేదేముంది? మీ సంగతి ఇంటికెళ్ళాక చెప్తాను. ముందు ఆయనకి నీళ్ళు వదలండి," అంది.

నీళ్ళు సీసాలో ఉన్నాయి. నువ్వులు లేవు. బామ్మ చుట్టూ చూసి, బడివాళ్ళు మధ్యాహ్నం తిండికని బల్లమీద పేర్చిన బన్నుల దగ్గరికి వెళ్ళింది. వాటిమీద నువ్వులున్నాయి. గోళ్ళతో గిల్లి గిల్లి గుప్పెడు పోగుచేసింది. నల్లవి కావు తెల్లవి, ఆయనా తెల్లవాడేగా, ఏం పర్లేదంది. తాతయ్య చొక్కాలో చెయ్యి పెట్టి జంధ్యం కుడిభుజం మీదికి మార్చుకున్నాడు.

"దక్షిణం ఎటురా?"

మా నాన్న సూర్యుణ్ణి చూసి, మబ్బు పట్టి ఉంటే ఆలోచించి, "హైవే అటుంది నాన్నా, కాబట్టి దక్షిణం ఇటు," అన్నాడు.

"గోత్రం?" అని తాతయ్య నన్నడిగాడు. పుస్తకంలో అది లేదు.

"గోత్రం తెలియనివాళ్ళకి కాశ్యపేగా," అంది బామ్మ. అలా మిషిగన్ రాష్ట్ర సెనేటరు కాశ్యప గోత్రంలో చేరి, తాతయ్య బొటనవేలి పక్కనించి మూడుసార్లు నీళ్ళందుకున్నాడు.

ఇది కూడా నా ప్రదర్శనలో భాగమనుకుంది టీచరు. అట్ట మీద ఆరో గీత గీసి టిక్కు పెట్టింది. కమ్మరి వేషంలో ఉన్న పిల్ల వచ్చి తాతయ్య కోటు లాగబోయి, కోటు నా మీద ఉంది కాబట్టి చొక్కా లాగింది. తన కమ్మరికి కూడా పోయాలిట. తరవాత మిల్లు యజమాని భార్య గడ్డి మీద లంగా ఈడ్చుకుంటూ వచ్చాడు. సీసా అయిపోతే ఎవరో కుళాయి చూపించారు. మధ్యాహ్నానికల్లా ఊళ్ళో పాతకాపులందరూ కాశ్యప గోత్రీకులైపోయారు. మొగుడూ పెళ్ళాలది ఒకే గోత్రం ఎలా అవుతుందని మిల్లు దంపతుల దగ్గర బామ్మ కొంచెం అభ్యంతరపెట్టింది గానీ, అప్పటికే నీళ్ళు పోసేశారు. ఆ బోడి బన్నులు తిన్నవాళ్ళెవరూ ఏమీ అనలేదు.

ఇంటి ముందు గడ్డి మీద రబ్బరు గొట్టంతో మా అందరికీ స్నానాలయ్యాయి. చలికి నా పళ్ళు టకటకలాడాయి. సవరం గడ్డం పూర్తిగా తడిసి మెడకి చుట్టుకుంది. ఎదురింటాయన కిటికీలోంచి చూసి చెయ్యి ఊపాడు. తాతయ్యతో బామ్మ రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు సాయంత్రం ఐదింటికి బూట్లు వేసుకుని గుమ్మంలో నిలబడింది. "పదండి, ఎలాగూ వచ్చి స్నానం చేస్తాంగా," అంది. ఆ తరవాత తిరిగి ఇండియా వెళ్ళేదాకా రోజూ వెళ్ళారు. పూలు కోయలేదు. బామ్మ చెంబుతో నీళ్ళు తీసుకెళ్ళి ఆ కుండీకి పోసేది.

ఆరేళ్ళ తరవాత ఒక మధ్యాహ్నం నేను హైస్కూలు నుంచి ఇంటికి వచ్చేసరికి మా నాన్న వంటింట్లో ఫోను పెట్టేసి గోడ వైపు నిలబడి ఉన్నాడు. ఆఫీస్‌లో ఉండాల్సిన మనిషి.

"తాతయ్య..." అన్నాడు. ఆ మాట ఎంతకీ నోట రాలేదు. చాలాసేపటికి, "తాతయ్య ఇక ఏ ఎన్నికలోనూ పోటీ చేయడమ్మా," అన్నాడు. ఇద్దరం నవ్వాం. నవ్వుతూనే ఏడ్చాం.

ఏడాది తిరిగాక, మహాలయ అమావాస్య వారం ఉందనగా బామ్మ ఫోన్ చేసింది. గోదావరి రేవులో తాతయ్య ఏటా మనవాళ్ళందరికీ నీళ్ళు వదిలాక, చివర్న మా సెనేటరుకి కూడా వదిలేవాడట. మాకెప్పుడూ చెప్పలేదు. "ఇప్పుడు ఆయనకెవరున్నారే? మీ నాన్నని అడుగు," అంది.

అడగక్కర్లేకపోయింది, మా నాన్న పక్కనే నిలబడి విన్నాడు. అమావాస్య పొద్దున్న ఇద్దరం నల్ల నువ్వులు, చెంబుతో నీళ్ళు పట్టుకుని మూడొందల అడుగులు నడిచాం. ఎవరికీ భయపడక్కర్లేదు కాబట్టి కారు తీయలేదు. హైవే చూసి దక్షిణం ఎటో నేను చెప్పాను. మా నాన్న తన తండ్రి పేరు, గోత్రం చెప్పి నీళ్ళు వదిలాడు. గొంతు ఎక్కడా తడబడలేదు. చివర్న కాశ్యప గోత్రం అని మొదలుపెట్టి, సెనేటరు పేరు దగ్గర ఆగిపోయాడు. ఎంత ప్రయత్నించినా పేరు బదులు ఏడుపే వచ్చింది. ఆ పేరు నేను చెప్పాను.